అమ్మడూ, ఆ పెట్టె సంగతి

బోల్టన్,
ఆదివారం సాయంత్రం

అమ్మడూ,

నీ గొంతు విని ఏడు ఆదివారాలైంది. పని పెట్టుకుని లెక్కపెట్టలేదమ్మా. మీ నాన్నగారి కంటి చుక్కల మందు కోసం వంటింటి క్యాలెండరు మీద టిక్కులు పెడుతుంటాను కదా, ఆ టిక్కులు చెప్పాయి. మెసేజికి బొటనవేలు బొమ్మ పంపుతోంది కాబట్టి బాగానే ఉందిలే అంటారు ఆయన. ఆ బొటనవేలు చూసి నువ్వు అన్నం తిన్నావో లేదో నాకెలా తెలుస్తుంది?

ఇక్కడ అంతా కులాసా. ఆయన మోకాలు బాగా కుదురుకుంది, ఇంట్లో కర్ర లేకుండానే తిరుగుతున్నారు. దొడ్లో కొత్తిమీర మంచుకి మాడిపోయింది. మొన్న సునంద పిన్ని ఫోన్ చేసి గంటసేపు కోడలి సంగతులన్నీ చెప్పింది. పెట్టేసే ముందు, "అక్కా, అమ్మడు ఆ పాత పాటల రికార్డుల పెట్టె అమ్మేస్తోందటగా" అంది. "అలాగా" అన్నాను. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంగతి అడగడానికి నీకీ ఉత్తరం రాయడం లేదు. చాలా రోజులైంది కదా, నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

పోయిన శనివారం స్టోక్‌లో కింగ్స్ హాల్‌కి వెళ్ళాం, నార్తర్న్ సోల్ పాటలకి రాత్రంతా ఆడే డ్యాన్సుకి. ఈ వయసులో రాత్రంతా మెలకువేమిటని నువ్వు కోప్పడతావు. మధ్యాహ్నం మూడు గంటలు పడుకున్నాను, పెరుగన్నం తిన్నాను, బీపీ మాత్ర వేసుకున్నాను. ఆయన ఎప్పట్లాగే ఫ్లాస్కు, దిండు, శాలువా పట్టుకుని వచ్చి ఓ పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఈసారి ఇరవై ఏళ్ళ పిల్లలు చాలామంది వచ్చారమ్మా. గుండ్రటి గౌను వేసుకున్న పిల్ల ఒకతి గిర్రున తిరిగి ఉన్నచోటే ఆగింది, ఒక్క అంగుళం పక్కకి పోలేదు. అచ్చం నువ్వు తిరిగినట్టే. నా దగ్గరకొచ్చి, "మీరు నిజంగా విగన్ క్యాసినోకి వెళ్ళారా?" అని అడిగింది. దానికి చెప్పిన కథ నీకూ రాస్తున్నాను. నీకు సగమే తెలుసు.

1976 జనవరి. నేను కాకినాడ నుంచి ఇంగ్లండు వచ్చి ఏడాదిన్నర. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు. తాతయ్య పోయారని టెలిగ్రాం నా చేతికొచ్చేసరికి అక్కడ మూడో రోజు కూడా అయిపోయింది. విమానం టిక్కెట్టు కొనే డబ్బు నా దగ్గర లేదు. వెళ్ళి ఎవరి ముఖం చూడాలి అని కూడా అనుకున్నాను. మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. రోగులతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికి ఉత్తరం రాయలేదు, ఏడవలేదు. అమ్మమ్మ దగ్గర్నుంచి రెండు ఉత్తరాలొస్తే విప్పకుండా సూట్‌కేసు అడుగున పెట్టేశాను. అలా పన్నెండు రోజులు.

మోరీన్ ఆంటీ అప్పటికి స్టాఫ్ నర్సు. శనివారం రాత్రి నా గదికొచ్చి, కోటు చేతికిచ్చి, "పద" అంది. ఎక్కడికని నేను అడగలేదు, తను చెప్పలేదు. పాత మినీ కారులో, గడ్డకట్టిన రోడ్డు మీద, విగన్ స్టేషన్ రోడ్డుకి తీసుకెళ్ళింది. అర్ధరాత్రి దాటింది. ఆ చలిలో వందలమంది పిల్లలు తలుపు ముందు తోసుకుంటున్నారు. స్కాట్లండు నుంచి కూడా బస్సులు కట్టుకుని వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక సంచి, లోపల తువ్వాలు, మార్చుకోవడానికి బట్టలు, పౌడరు డబ్బా. సంచి మీద బిగించిన పిడికిలి బొమ్మ, చుట్టూ 'కీప్ ద ఫెయిత్' అని అక్షరాలు. ఏ మతమో అనుకున్నాను.

పేరుకి క్యాసినో గానీ జూదం లేదు. అదొక పాత బాల్‌రూమ్. 1973 సెప్టెంబరులో అక్కడ ఆల్‌నైటర్లు, అంటే తెల్లారేదాకా సాగే డ్యాన్సులు, మొదలుపెట్టారు. సారా అమ్మే లైసెన్సు లేదు. ఈ మాట గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, అంతకుముందు డాక్టర్ల మెస్‌లో పార్టీకి రెండుసార్లు వెళ్ళి ఏడుపు ముఖంతో తిరిగొచ్చినదాన్ని. అక్కడ చేతిలో గ్లాసు లేకపోతే వింతగా చూసేవారు. ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని లాగేవారు. వద్దంటే, మీ దేశంలో ఆడపిల్లలింతేనా అనేవారు. విగన్‌లో ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వెయ్యిమందికి పైగా ఉన్నారు, ఎవరికి వారే ఆడుతున్నారు. జంట లేదు. ఎవరో వచ్చి పిలవాలని లేదు. ఆడపిల్ల ఒక్కతీ నేల మీదకి వెళితే తిరిగి చూసినవాడు లేడు. నాకు ఇరవై ఐదేళ్ళు. అలాంటి చోటు ఈ భూమ్మీద ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

నేను మాత్రం కోటు విప్పలేదు. బాల్కనీ కింద గోడకి ఆనుకుని నాలుగింటి దాకా నిలబడ్డాను. లోపల ఉడుకు, పైకప్పు నుంచి చెమట ఆవిరి బొట్లుబొట్లుగా కారుతోంది. పాదాలు పక్కకీ పక్కకీ జారుతుంటాయి, నడుము పైభాగం కదిలీ కదలనట్టుంటుంది. ఉన్నట్టుండి ఒకడు వెనక్కి పడిపోయి, అరచెయ్యి నేలకి ఆనించి, దరువు తప్పకుండా లేచి నిలబడతాడు. పాటలో ఒక చోట అందరి చేతులూ ఒక్కసారి చప్పట్లు కొడతాయి. మా ఊళ్ళో కోలాటం కర్రలు మోగినట్టే ఉంది, ఆ ఒక్క చప్పుడు గుండెలో తగిలింది. పాటలు మాత్రం అన్నీ దుఃఖమే. వెళ్ళిపోయావు, రావా, ఇక రాత్రి గడవదు, ఇవే. పాట ఏడుస్తుంటే కాళ్ళు పరుగెడుతున్నాయి.

నా బూట్లు రబ్బరు అడుగువి, నేలకి అతుక్కుంటాయి. పక్కనున్న పిల్ల అది చూసి, ఏమీ అడక్కుండా తన డబ్బాలోంచి నా ముందు నేల మీద కాస్త పౌడరు చల్లి వెళ్ళిపోయింది. అమ్మమ్మ నా సూట్‌కేసులో పెట్టిన క్యూటికురా గుర్తొచ్చిందమ్మా. బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళతో, కోటుతోనే దిగాను. ఏమాడానో తెలియదు. నాన్నా, నాన్నా అనుకుంటూ ఆడాను. ముఖమంతా నీళ్ళు. అందరి ముఖాలూ తడిగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఉదయం ఎనిమిది కొట్టే ముందు ఎప్పుడూ అవే మూడు పాటలు వేస్తారని నీకు తెలుసు కదా, జిమ్మీ రాడ్‌క్లిఫ్, టోబీ లెజెండ్, డీన్ పారిష్. ఆ రోజు నాకు అవేమిటో తెలియదు. కాలం నిన్ను దాటిపోతుందని టోబీ లెజెండ్ పాడుతుంటే, తాతయ్య అరుగు మీద కూర్చుని నన్ను పిలిచినట్టనిపించి మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. మోరీన్ వచ్చి తువ్వాలు కప్పింది. అప్పుడు కూడా ఏమయిందని అడగలేదు. బయట బూడిద రంగు వెలుతురు, ఒళ్ళంతా పొగలు. సగంమంది ఈతకొలనుకి పోయారు. మేం టీ తాగి, టోస్టు తిన్నాం. గదికి వచ్చి అమ్మమ్మ ఉత్తరాలు రెండూ విప్పి చదివాను.

ఇది కింగ్స్ హాల్ పిల్లకి ఇంత వివరంగా చెప్పలేదు. తాతయ్య సంగతి అసలు చెప్పలేదు. నీకు కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు.

అక్కడ అంతా మంచే అనను. కొందరు పిల్లలు మెలకువ కోసం మాత్రలు మింగేవారు. సోమవారం క్యాజువాలిటీలో నా ముందుకే వచ్చేవారు, దవడలు బిగుసుకుపోయి, గుండె దడదడలాడుతూ. పద్దెనిమిదేళ్ళ వాళ్ళు. అందుకే చెబుతున్నాను, మెలకువకైనా నిద్రకైనా మాత్ర అలవాటు చేసుకోకూడదు. నువ్వు నిద్రకేమైనా వేసుకుంటున్నావా? రాత్రి రెండింటికి వాట్సాప్‌లో కనబడుతున్నావు. నేను చూడాలని చూడలేదు, నాకూ మెలకువ వస్తుంటుంది. పడుకునే ముందు ఫోను పక్క గదిలో పెట్టు. గోరువెచ్చటి పాలు తాగు. ఐరన్ ఎంతుందో రక్తపరీక్ష చేయించుకుని ఏడాది దాటింది. ఫలితం కాగితం నాకు పంపు, నేను చూస్తాను. రెండు పూటలా వండుకోలేకపోతే ఒక పూటైనా పప్పు పెట్టుకో. ఇంతకీ ప్రదీప్ తన సామాను తీసుకెళ్ళాడా? చెప్పాలనిపిస్తేనే చెప్పు.

క్యాసినో మూసేసిన రోజు మాత్రం నీకు తెలుసు, నాన్నగారు వందసార్లు చెప్పారు. 1981 డిసెంబరు 6. నీకు పది నెలలు, దంతం వస్తూ జ్వరం. వెళ్ళనన్నాను. "వెళ్ళకపోతే జన్మంతా నన్నంటావు" అని ఆయన నిన్ను భుజాన వేసుకుని తలుపు తీశారు. ఆ తెల్లవారుజామున మూడు పాటలూ అయిపోయాయి, ఒక్కరూ కదలలేదు. మళ్ళీ వేశారు, కదలలేదు. ఆఖరికి ఫ్రాంక్ విల్సన్ పాట వేశారు. మర్నాటి నుంచి వారం రోజులు ఇంట్లో ఎవరో పోయినట్టే ఉన్నాను. తర్వాత ఆ హాలు తగలబడింది, కూలగొట్టేశారు. ఇప్పుడక్కడ షాపింగ్ సెంటరు. నేనిప్పటికీ లోపలికి వెళ్ళను.

ఆ ఫ్రాంక్ విల్సన్ రికార్డు నీకు గుర్తుందిగా. 1965లో అమెరికాలో అచ్చు వేసి, బయటికి రాకముందే పారేశారు. చాలా కొద్దివే మిగిలాయి. అందులో ఒకటి 2009లో పాతిక వేల పౌండ్లకు పైగా పలికింది. మన పెట్టెలో అలాంటిది లేదమ్మా. ఈ పాటల్లో చాలావరకు అమెరికాలో ఎవరూ కొనక గోదాముల్లో పడి ఉన్నవి. నల్లవాళ్ళు చిన్న చిన్న కంపెనీలకి పాడి, పేరు రాక, మళ్ళీ ఫ్యాక్టరీ పనికి పోయినవాళ్ళ గొంతులు. ఇక్కడ గనుల్లో, మిల్లుల్లో పనిచేసే పిల్లలు వాటిని వెతికి తెచ్చి ప్రాణం పోశారు. లండన్‌లో రికార్డుల కొట్టు నడిపిన డేవ్ గాడిన్ 1970లో పత్రికలో రాసేదాకా నార్తర్న్ సోల్ అనే పేరు కూడా బయట ఎవరికీ తెలియదు. పారేసినదాన్ని ఎవరో ఒకరు దాచుకున్నారు కాబట్టే నేను ఆ రాత్రి ఆడగలిగాను.

సరే, ఎలాగూ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రికార్డులు నిలబెట్టి ఉంచాలి, పడుకోబెడితే వంగిపోతాయి. రేడియేటరు పక్కన పెట్టకు. అమ్మేవాళ్ళెవరైనా మొదట వచ్చిన వ్యాపారికి పెట్టె మొత్తం ఇచ్చేస్తే మోసపోతారు. పాట ఆగిపోయే చోట, లేబులు అంచున, గీసిన అంకెలు చూడాలి. అసలు అచ్చో దొంగ అచ్చో అవే చెబుతాయి. ఆకుపచ్చ అట్టలో ఉన్నవి పదకొండూ అసలువి. నీలం అట్టలోవి కావు, అయినా నువ్వు ఆరేళ్ళప్పుడు వంటింట్లో మేజోళ్ళతో జారింది వాటికే. డబ్బు అవసరమైతే నన్నడుగు. పెట్టె అమ్మితే వచ్చేదెంత? అంతకు రెట్టింపు మీ నాన్నగారు నీ పేరిట వేసి ఉంచారు. ఆయన చెప్పొద్దన్నారు, నేను చెప్పేశాను. ఇల్లు చిన్నదైపోయి చోటు లేకపోతే ఇక్కడికి పంపెయ్, మేడ మీద నీ గది ఖాళీగానే ఉంది. ఆ పాటలు వింటే బాధగా ఉంటుందని అమ్ముతున్నావా? అలాగైతే అమ్మకు. ఒక ఏడాది మూత తియ్యకుండా ఉంచు.

ఆ రోజుల్లో డీజేలు మంచి పాట దొరికితే లేబులు మీద కాగితం అంటించి, దొంగ పేరు రాసేవారు, పక్కవాడికి తెలియకూడదని. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతేనమ్మా. పదో తరగతిలో చెయ్యి విరిగితే రెండు రోజులు పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగావు. కాగితం నువ్వు తియ్యకపోయినా పాట ఏదో నాకు తెలుస్తుంది. నిన్ను ఏమీ అడగను. మోరీన్ నన్ను అడగలేదు.

జంతికలు, గోంగూర పచ్చడి, సున్నుండలు పార్సిల్ వేశాను, మంగళవారానికి చేరాలి. పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టాను, విప్పేటప్పుడు సింకులో పెట్టి విప్పు. సున్నుండలు ఎవరికీ పంచకు, నువ్వే తిను. ఉన్ని పంచె కూడా పెట్టాను, రాత్రి పాదాలకి చుట్టుకో.

వచ్చే నెల మళ్ళీ స్టోక్ వెళుతున్నాం. మీ నాన్నగారు ముగ్గురికి టిక్కెట్లు తీసుకున్నారు, లెక్క తప్పి కాదు. నువ్వు ఆడక్కర్లేదు. కోటు వేసుకుని గోడ దగ్గర నిలబడినా ఎవరూ ఏమీ అనరు. ఆయన పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది, శాలువా పెద్దదే.

మేడ మీద నీ పాత డ్యాన్సు బూట్లు దొరికాయి. అడుగు అరిగిపోతే బజార్లో ముసలాయనకిచ్చి కొత్త తోలు వేయించమన్నాను. సైజు ఐదే కదా, నాకు సరిగ్గా గుర్తు లేదు. బుధవారంలోగా చెప్పాలన్నాడు. అదొక్కటి ఫోన్ చేసి చెప్పు.

అమ్మ