టీ2 కి ఓ గంట ముందే వెళ్ళండి

అందరికీ నమస్తే, సంక్రాంతికి ఇక్కడి బెంగళూరు ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ 2 (టీ2) నుంచి ఊరెళ్ళేవాళ్ళు ఈసారి లాస్ట్ మినిట్‌లో పరిగెత్తకుండా ఓ గంట ముందే బయల్దేరండి, ట్రాఫిక్ గురించి కాదు నేను చెప్పేది, బిల్డింగ్ చూడ్డానికి 😄

పోయిన నెల మా అమ్మని ఎక్కించడానికి తనతోపాటే వెళ్ళా. ఆవిడ లోపలికి రాగానే స్తంభాన్ని గోరుతో తట్టి "ఇది నిజం వెదురేనా, ప్లాస్టిక్కా?" అంది. నిజం వెదురేనండీ, ఊళ్ళో తడికలా అడ్డంగా నిలువుగా అల్లేసి సీలింగంతా అదే, సందుల్లోంచి ఎండ చారలు చారలుగా నేలమీద పడుతుంటుంది. పైనుంచి గంటల్లా మొక్కలు వేలాడుతుంటాయి. డిజైన్ ఎస్ఓఎమ్ అనే అమెరికా కంపెనీది, తోటల పని గ్రాంట్ అసోసియేట్స్‌ది. సెక్యూరిటీ దాటాక గేట్లకి వెళ్ళే దారిలో ఆరుబయట చెట్లూ చెరువూ ఉన్నాయి, మిస్సవ్వద్దు.

బయట బెంగళూరు కట్టించిన కెంపేగౌడ 108 అడుగుల విగ్రహం కూడా ఉంది, శిల్పి రామ్ సుతార్ చేసింది, 2022 నవంబర్‌లో టెర్మినల్‌తో పాటే ఓపెన్ చేశారు. నన్నడిగితే విగ్రహం కన్నా ఆ వెదురు సీలింగే ఎక్కువ గుర్తుంటుంది. ఫొటోలు ఇక్కడ పెట్టండి, సెల్ఫీలు కాదు, సీలింగువి!