సూక్ష్మరేఖా చిత్రాలను చూపే పద్ధతి మారాలి

విశాఖలో చిత్రకళా ప్రదర్శనలు తరచుగా జరుగుతున్నా, సన్నని గీతలతో కూడిన సిరా చిత్రాలను చూపే తీరు మాత్రం ఏమీ బాగాలేదు. ఇటీవల నగరంలోని ఒక ప్రదర్శనలో, పాత పోస్టాఫీసు ప్రాంతపు వీధిని గీసిన అరచేతి వెడల్పు చిత్రాన్ని మెడ నిక్కించి చూడాల్సినంత ఎత్తున తగిలించగా, పెంకుల వరుసలు, కిటికీ ఊచల వెనుక చీకటి కోసం అల్లిన అడ్డగీతలు గాజుపై పడిన లైట్ల మెరుపులో కనిపించకుండా పోయాయి. పైగా తేమకు కాగితం అంచు ఉబ్బి గోధుమరంగు మచ్చలు పట్టింది. ప్రారంభోత్సవ ఫ్లెక్సీకి దక్కిన శ్రద్ధ దానికి దక్కలేదు. వెంట్రుక వెంట్రుకనూ విడిగా చూపుతూ జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1502లో నీటిరంగులతో చిత్రించిన కుందేలు బొమ్మ వెలుతురుకు పాడవుతుందని, వియన్నాలోని ఆల్బర్టినా మ్యూజియం అసలు చిత్రాన్ని అరుదుగానే బయటపెట్టి, మిగతా కాలం నకలును చూపుతుంది. ఈ కళ మనకు కొత్తదేమీ కాదు. విక్రమార్కుడి భుజంపై బేతాళుణ్ణే కాక చుట్టూ ఉన్న శ్మశానాన్ని కూడా పట్టిపట్టి గీసిన శంకర్ గారి బొమ్మల కోసమే చందమామ తెరిచినవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. ఆయన 2020లో కన్నుమూశాక 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఇకనైనా నిర్వాహకులు కాగితపు చిత్రాలను కంటి ఎత్తున, 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించని వెలుతురులో ఉంచి, పక్కనే భూతద్దం పెట్టాలి. సముద్రపు తేమ తగలని ఒక గదిని బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో వీటికి కేటాయించి, ఎంపిక బాధ్యతను ఆంధ్ర విశ్వవిద్యాలయ లలితకళల విభాగానికి అప్పగించాలి.

– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం