జరీనా లీకి లైసెన్సు ఉందా?

ఒరేయ్ శీనూ,

రెండొందల ఏళ్ల కింద అమెరికాలో ఊరూరా ప్రసంగాలు చేసిన నల్లజాతి మహిళ జరీనా లీకి, ప్రసంగించడానికి చర్చి ఇచ్చే లైసెన్సు ఉండేదా అని అడిగావు. ఒక్క ముక్కలో జవాబు: లేదు, ఏనాడూ రాలేదు. కానీ అక్కడితో వదిలేస్తే అసలు సంగతి నీకు అందదు.

ఆమెది మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు శాఖ. అప్పటి మెథడిస్టుల్లో మాట్లాడేవాళ్లు రెండు రకాలు. ప్రీచరంటే వాక్యభాగం తీసుకుని విడమరిచి చెప్పేవాడు. ఎగ్జార్టరంటే ఆయన ముగించాక లేచి, "విన్నారుగా, ఇక మారుమనస్సు పొందండి" అని జనాన్ని కదిలించే మనిషి. ఎగ్జార్టరు తనంతట తాను వాక్యం ఎత్తుకోకూడదు. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికీ వాక్యం చెప్పడానికీ ఉన్న తేడా చూడు, అలాంటిదే.

జరీనా 1783లో న్యూజెర్సీలోని కేప్ మేలో పుట్టింది. అమ్మానాన్నలు నల్లవాళ్లే గానీ బానిసలు కారు. ఏడేళ్లకే ఇంటికి 60 మైళ్ల దూరంలో పనిపిల్లగా పెట్టారు. పెద్దయ్యాక ఫిలడెల్ఫియాలో నల్లవాళ్ల మెథడిస్టు సంఘాన్ని నడిపే రిచర్డ్ అలెన్ ప్రసంగం విని ఆయన సంఘంలోనే చేరింది. కొన్నేళ్లకు, ప్రసంగించమని తనకు దేవుడి పిలుపొచ్చిందని నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది. ప్రార్థన కూడికలు పెట్టుకో, ఎగ్జార్ట్ చెయ్యి. ప్రసంగమంటావా, ఆడవాళ్ల ప్రసంగం ఊసే మా డిసిప్లిన్‌లో లేదన్నాడాయన. డిసిప్లిన్ అంటే వాళ్ల నియమావళి పుస్తకం. తప్పని అనలేదు, రూలు లేదన్నాడు. ఆ సందు తర్వాత పనికొచ్చింది.

1811లో జోసెఫ్ లీ అనే పాస్టరును పెళ్లాడింది. ఆరేళ్లు తిరిగేసరికి ఆయన పోయాడు. చేతిలో రెండేళ్ల బిడ్డ ఒకటి, ఆరు నెలల పసిగుడ్డు ఒకటి.

ఇక అలెన్ సంఘం వాళ్ల బెతెల్ చర్చిలో జరిగింది విను. అలెన్‌ను అడిగి అప్పటికి ఎనిమిదేళ్లయింది. రిచర్డ్ విలియమ్స్ అనే ప్రీచరు యోనా 2:9 తీసుకున్నాడు, "యెహోవాయొద్దనే రక్షణ దొరకును" అన్న వచనం. మొదలైతే పెట్టాడు గానీ మధ్యలో పట్టు జారిపోయింది, ప్రసంగం చప్పబడింది. ఈమె దిగ్గున లేచి అదే వాక్యం అందుకుంది. పిలుపొచ్చినా వెళ్లకుండా వెనకాడిన యోనాను నేనేనంది. చెప్పి కూర్చున్నాక, ఇక వెలివేస్తారని వణికిపోయింది. అప్పటికి బిషప్పయిన అలెన్ లేచి, ఎనిమిదేళ్ల కింద ఈవిడ నన్ను అడిగితే నేనే పక్కన పెట్టాను, ఇక్కడున్న ఏ ప్రీచరుకీ తీసిపోని పిలుపు ఈవిడది అన్నాడు. కాగితం లేదు, సంతకం లేదు. బిషప్పు నోటిమాటే ఆధారం.

ఆ మాట పట్టుకునే ఊరూరా తిరిగింది. ఒక్క 1827లోనే 2,325 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 3,740 కిలోమీటర్లు. ప్రసంగాలు 178. బానిసత్వం ఉన్న మేరీలాండ్‌కూ వెళ్లింది. నల్లమనిషి అక్కడ కాలు పెట్టడమే ప్రమాదం.

డబ్బు మాట కూడా చెప్పాలి. జీతం లేదుగా, కానుకలే దిక్కు. అందుకే 1836లో 38 డాలర్లు పెట్టి తన జీవితకథ వెయ్యి కాపీలు అచ్చేయించింది. కాపీకి నాలుగు సెంట్లు కూడా పడలేదు. క్యాంప్ మీటింగుల్లో, అంటే ఆరుబయట జరిగే పెద్ద కూడికల్లో, తనే అమ్ముకునేది. తర్వాత పెద్దది రాసిస్తే, రాత అర్థం కావట్లేదని సంఘం పుస్తక కమిటీ తిప్పికొట్టింది. 1849లో సొంత ఖర్చుతో అదీ వేయించింది.

నోటిమాటకు ఆయుష్షెంతని? 1831లో అలెన్ పోయాడు, అండ పోయింది. ఆడవాళ్లకు లైసెన్సు ఇవ్వమన్న అర్జీని 1844లో జనరల్ కాన్ఫరెన్సు, అంటే ఆ సంఘం పెద్ద సభ, తోసిపుచ్చింది. 1852లోనూ అంతే.

చదవాలనుకుంటే ముందు 1836ది పట్టుకో. 1849ది సగానికి పైగా ఏ ఊరు వెళ్లాను, ఏ వాక్యం చెప్పాను అన్న చిట్టాలే, దాంతో మొదలెడితే విసుగొచ్చి పక్కన పడేస్తావు.

నీ
రవి