ఉప్పు సముద్రంలో దిగే ముందే తెలుగులో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పవిత్రభూమి యాత్రకు వెళ్లే తెలుగువారిని చాలా బృందాలు మృత సముద్రానికి కూడా తీసుకెళ్తాయి. మన బైబిలులో చదువుకునే ‘ఉప్పు సముద్రము’ అదే, పేరుకు సముద్రమైనా నిజానికి ఉప్పునీటి సరస్సు. అక్కడ నీటిలో తేలడం, ఒడ్డున దొరికే నల్ల బురద ఒంటికి పూసుకుని కడుక్కోవడం యాత్రికులకు సరదా. ‘గంటలో వచ్చేయండి’ అని బస్సు దింపేస్తే ఆ బురద స్నానం సరిగ్గా జరగదు, క్షేమంగానూ జరగదు. ‘అందులో ఎవరూ మునగరు’ అన్న మాటను నమ్మి ఈత రాని పెద్దవాళ్లు కూడా ధైర్యంగా దిగుతారు. ప్రమాదమంతా ఆ మాటలోనే ఉంది.

మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల లవణాలుంటే ఇక్కడ దాదాపు 340 గ్రాములు. అంత బరువైన నీరు కాళ్లనూ నడుమునూ పైకి తోసేస్తుంది. వెల్లకిలా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. బోర్లా పడ్డారా, కాళ్లు పైకి లేచి ముఖం నీటిలోకి వెళ్తుంది, తిరిగి నిలబడటానికి పాదాలు కిందికి దిగవు. మోకాలి లోతులో కూడా ఊపిరాడక పోవచ్చు.

అందుకే తొడల లోతు వచ్చేదాకా మెల్లగా నడిచి, ఒడ్డు వైపు ముఖం తిప్పి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలాలి. లేవాలంటే మోకాళ్లు ఛాతీ దగ్గరికి లాక్కుని, చేతులతో నీటిని కిందికి నొక్కుతూ పాదాలు నేలకు ఆనించాలి. ఈత కొట్టకూడదు, నీళ్లు చిమ్ముకోకూడదు. చీర, చున్నీ కాళ్లకు చుట్టుకుంటాయి కాబట్టి ముదురు రంగు పాత చుడీదారే మేలు. నీటిలో 15 నిమిషాలు చాలు.

ఆ నీటిలో మామూలు ఉప్పు కంటే మెగ్నీషియం క్లోరైడ్ పాలే ఎక్కువ. చేతికి ఆముదంలా జిడ్డుగా తగులుతుంది, నాలుకకు పరమ చేదు. ఎవరైనా గుటకలు మింగితే ‘ఉప్పు నీళ్లే కదా’ అని వదిలేయకూడదు. రక్తంలో మెగ్నీషియం, కాల్షియం పెరిగి గుండె లయ తప్పవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోతే అవి వాస్తాయి. మనిషి మామూలుగా కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కంట్లో పడితే నలపకుండా మంచినీళ్లతో కడగాలి. అందుకు ఒడ్డున ఒకరు సీసా పట్టుకుని నిలబడాలి.

ఇక బురద. కాటుకలా నల్లగా, మెత్తగా, కాస్త గంధకం వాసనతో ఉంటుంది. వెండి పట్టీలు, మెట్టెలు దానికి నల్లబడతాయి, తీసి బస్సులోనే పెట్టాలి. ముందురోజు నుంచే గడ్డం గీసుకోవడం మానాలి. చిన్న గాటు ఉన్నా మంట భరించలేరు. కళ్లు, పెదవులు, గాయాలు వదిలేసి పల్చగా పూసుకోవాలి. పది, పదిహేను నిమిషాలకు అంచులు బూడిద రంగుకు తిరిగి చర్మం బిగుస్తుంది. పూర్తిగా పెళుసెక్కక ముందే సరస్సు నీటితో కడిగి, వెంటనే మంచినీటి షవర్ కింద నిలబడాలి. లవణాలు ఒంటిమీదే ఆరిపోతే దురద పెడుతుంది. ఇంత పని గంటలో, బట్టలు మార్చుకోవడంతో కలిపి, ఎలా అవుతుంది? గంటన్నర ఇవ్వాలి, అదీ ఉదయం పూట. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

షుగర్ ఉన్నవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అడుగున ఉప్పు గడ్డలు గాజు పెంకుల్లా ఉంటాయి. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి తెగినా తెలియదు. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు లేకుండా వాళ్లను దించకూడదు. గుండె, కిడ్నీ జబ్బులు, అదుపులో లేని బీపీ ఉన్నవారు, గర్భిణులు ముందే డాక్టరును అడిగి రావాలి.

లైఫ్‌గార్డులు, షవర్లు ఉన్న బీచ్‌లోనే ఆపాలి. ప్రవేశ రుసుము మిగులుతుందని దారి పక్కన దింపడం నేరంతో సమానం. సరస్సులో కలిసే యొర్దాను నది నీటిని పైనే మళ్లించడంతో, దక్షిణాన ఖనిజాల కోసం నీటిని ఆవిరి చేయడంతో సరస్సు మట్టం ఏటా మీటరు దాకా పడిపోతోంది. ఉప్పునీరు వెనక్కి తగ్గినచోట మంచినీరు చేరి నేలలోని ఉప్పు పొరను కరిగిస్తుంది, పైనేల ఉన్నట్టుండి కూలుతుంది. అలాంటి గుంతలు ఒడ్డున వేలల్లో ఉన్నాయి. ఒకప్పుడు యాత్రికులు దిగిన ఏన్‌గెదీ బీచ్ మూతపడింది అందుకే.

జెరూసలేం యాత్రికుల్లో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి ఇచ్చే సాయాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 40,000 నుంచి 60,000 రూపాయలకు పెంచింది. ప్రజాధనం చేరే యాత్రలకు ఒక షరతు పెట్టడం కష్టం కాదు: ప్రయాణానికి వారం ముందు జరిగే సమావేశంలో ఈ జాగ్రత్తలు తెలుగులో చదివి వినిపించాలి, వెల్లకిలా వాలడం, లేవడం కుర్చీ మీద చేసి చూపించాలి. కాగితం పంచి ఊరుకుంటే చాలదు. ఒడ్డుకు చేరేసరికి కళ్లద్దాలు బస్సులోనే ఉంటాయి.

— ఒక పాఠకుడు, గుంటూరు