మా అక్క క్యాలెండర్లు ఎవరూ అడగలేదు

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా మేనకోడలు మూడేళ్లప్పుడు ఇంటి గడపను ఒక్క గెంతులో దాటేది. నాలుగో ఏడు నిండేసరికి తలుపు రెక్క పట్టుకుని, కాలు ఎక్కడ వేయాలో తెలియక నిలబడిపోయేది. అప్పటికే మూర్ఛలు మొదలయ్యాయి. వచ్చిన మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. ‘మామయ్యా’ అని పిలిచే పిల్ల ‘మా’ దగ్గరే ఆగిపోయేది. ఏడాదిన్నర తిరిగాక, కాగితపు కార్డు మీద ఆరబెట్టి పంపిన నాలుగు రక్తపు చుక్కల్లో జబ్బు పేరు తేలింది: సీఎల్‌ఎన్‌2. పిల్లల మెదడును క్రమంగా దెబ్బతీసే, వంశపారంపర్యంగా వచ్చే బ్యాటెన్ వ్యాధుల్లో ఒకటి. టీపీపీ1 అనే ఎంజైము లోపించి మెదడు కణాల్లో వ్యర్థాలు పేరుకుపోతాయి. అమ్మ నుంచీ నాన్న నుంచీ, ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఇది బిడ్డకు వస్తుంది. మా అక్కది మేనరికం. మా వైపు ఊళ్లలో ఇలాంటి పెళ్లిళ్లు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి కాబట్టి ఈ మాట దాచుకోకుండా చెబుతున్నాను.

ఈ జబ్బు వేగాన్ని తగ్గించే మందు ఉంది. సెర్లిపోనేస్ ఆల్ఫాను 2017లో అమెరికా, ఐరోపా అనుమతించాయి. రెండు వారాలకోసారి నేరుగా మెదడులోని ద్రవంలోకి ఎక్కించాలి. ఆ మందు పనిచేస్తుందని ఎలా తేల్చారో తెలుసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. కళ్లముందే క్షీణిస్తున్న పిల్లల్లో కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూడటం ఎవరికీ మనసొప్పని పని. అందుకని మందు అందుకున్న 23 మందిని, మందు లేకుండా జబ్బు ముదిరిన 42 మంది పిల్లల పాత వివరాలతో పోల్చారు. నడక ఎప్పుడు తప్పింది, మాట ఎప్పుడు పోయింది అన్నవే ఆ వివరాలు. జర్మనీలోని హాంబర్గ్ వైద్యులు ముందుండి నడిపిన డెమ్-చైల్డ్ అనే అంతర్జాతీయ నమోదులో అవి భద్రంగా ఉండబట్టే ఆ పోలిక సాధ్యమైంది.

మా అక్క కూడా ఇంట్లోని క్యాలెండర్ల మీద రాసింది. మూర్ఛ వచ్చిన రోజు చుట్టూ ఎర్ర సున్నా, పడిపోయిన రోజు కింద గీత. పాప నడక ఆగిన నెల మొత్తం ఖాళీగా ఉంది.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం, చికిత్సకు 50 లక్షల రూపాయల దాకా సాయం, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి నడిపే అరుదైన వ్యాధుల కేంద్రం: ఇవన్నీ మాలాంటి వాళ్లకు కొండంత అండ. కానీ ఏళ్ల తరబడి ఎక్కించాల్సిన మందుకు ఆ సాయం చాలదు. రేపటి మందులు మన పిల్లలకూ సరిపోవాలంటే వాళ్ల వివరాలు ఆ పరిశోధనల్లో ఉండాలి. ఐరోపా పిల్లల్లో కనిపించిన జన్యు మార్పులే మన పిల్లల్లోనూ ఉండాలని లేదు.

విదేశీ సంస్థలతో కలిసి చేసే వైద్య పరిశోధనలను పరిశీలించే స్క్రీనింగ్ కమిటీ మీ శాఖదే. పసిపిల్లల మెదడు జబ్బుల ప్రతిపాదనలపై అక్కడ నిర్ణయం తీసుకోవడానికి గడువు పెట్టండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అరుదైన వ్యాధుల నమోదులో జబ్బు పేరుతో పాటు అది ముదిరిన క్రమం కూడా చేర్పించి, అంతర్జాతీయ నమోదులతో కలపండి. మన పిల్లల రక్తం, వివరాలు దేశం దాటితే ఏమవుతాయోనన్న భయం న్యాయమైనదే. అందుకే ముందుగానే షరతు రాయించండి: మన వైద్యులు సమాన భాగస్వాములుగా ఉండాలి, వచ్చిన మందు ఇక్కడి కుటుంబాలు భరించగల ధరకు దొరకాలి.

మా పాపకిప్పుడు ఏడేళ్లు. చూపు పోయింది, మందు అందలేదు. నాలుగేళ్ల క్యాలెండర్లు బీరువాలో ఉన్నాయి. మీ శాఖ నుంచి ఎవరు వచ్చి అడిగినా ఇస్తానని మా అక్క ఈ ఉత్తరంలో రాయమంది.

ఇట్లు,
ఒక మేనమామ