బ్లైత్‌బర్గ్ చర్చిలో మా అమ్మను ఆదుకున్న పెద్దాయనకు

ఇంగ్లండ్‌లో సఫోక్ వైపు వెళ్ళి బ్లైత్‌బర్గ్ హోలీ ట్రినిటీ చర్చి చూస్తుండగా అమ్మకు కళ్ళు తిరిగాయి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అక్కడున్న ఒక పెద్దాయన గబగబా వచ్చి అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టారు. తన కోటు తీసి ఆమె భుజాలకు కప్పి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు. డాక్టరుకు ఫోన్ కూడా ఆయనే చేశారు.

అమ్మ కాస్త తేరుకుంది గానీ తల పైకెత్తలేకపోయింది. ఆ చర్చి అందమంతా పైకప్పులోనే ఉంది మరి! 15వ శతాబ్దపు కొయ్య దేవదూతలు, రెక్కలు బార్లా చాచి, జంటలు జంటలుగా. అది గమనించి ఆయన ఎక్కడినుంచో ఒక అద్దం తెచ్చి అమ్మ ఒడిలో పెట్టారు. తానే మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని మెల్లగా తిప్పుతూ ఒక్కో దేవదూతనూ చూపించారు. ఆ వయసులో, ఆ రాతి నేల మీద!

దేవదూతల్లో దిగిన సీసపు గుండ్ల గురించీ చెప్పారు. 1644లో విగ్రహాలు పగలగొట్టించిన విలియం డౌసింగ్ మనుషులే కాల్చారని చాలాకాలం అనుకున్నారట. నిజానికి అవి 18వ శతాబ్దంలో లోపల చేరిన జాక్‌డా పక్షుల మీద పేల్చినవట. నేను తెలుగులో చెప్పేదాకా ప్రతి మాటకూ ఆగారు. 1577 ఆగస్టు 4 నాటి పిడుగుల వాన గుర్తులంటూ ఊళ్ళోవాళ్ళు చెప్పుకునే తలుపు మచ్చల దగ్గరికి అమ్మను చెయ్యి పట్టుకుని నడిపించారు.

అయ్యా, అమ్మ ఇప్పుడు బాగుంది. మా ఇంటిల్లిపాది తరఫున మీకు నమస్కారాలు.