నల్లులు పట్టిన మమ్మల్ని ఇంట్లోకి రమ్మన్నవాళ్ళకి

పారిస్ నుంచి తిరిగొచ్చి రెండు నెలలు దాటింది. ఈ పోస్టు అప్పుడే రాయాల్సింది. బద్ధకించి ఆగలేదు, భయపడి ఆగాను. మేము వెంటబెట్టుకెళ్ళిన నల్లులు మాకు చోటిచ్చినవాళ్ళింట్లో దిగిపోయాయో లేదో తేలకుండా థాంక్యూ చెప్పడానికి నాకు మనసొప్పలేదు. మొన్న ఆదివారం ఆ ఇంటి అబ్బాయి, తమ్ముడనే అంటాను, మెసేజ్ పెట్టాడు. "అక్కా, పరుపు కుట్లన్నీ టార్చి వేసి చూశాం. ఒక్కటి కూడా లేదు." అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మేము ఐదుగురం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. గార్ దు నోర్ స్టేషన్‌కి దగ్గర్లో ఒక హోటల్‌లో నాలుగు రాత్రులకి ముందే డబ్బు కట్టేశాం. మొదటి రోజు పొద్దున్నే పాప మోచేతి మీద వరసగా మూడు దద్దుర్లు కనిపించాయి. దోమలయి ఉంటాయన్నారు రిసెప్షన్‌లో. అక్టోబరులో దోమలేమిటి అనిపించినా, ఈఫిల్ టవర్ చూసే తొందరలో పట్టించుకోలేదు.

రెండో రాత్రి మూడింటికి అత్తయ్య లేచి కూర్చున్నారు. దుప్పటి మీద దేన్నో వేలితో నలిపి వాసన చూశారు. "దోమ కాదమ్మా, ఇది నల్లి" అన్నారు. ఫోన్ టార్చి వేసి పరుపు మూల ఎత్తితే, కుట్టు వెంట నల్లటి చుక్కలు, వాటి మధ్య యాపిల్ గింజంతవి నాలుగైదు పాకుతున్నాయి. పిల్లల్ని మంచం మీద నుంచి లాగేశాం. ఆ తర్వాత ఆ గదిలో ఎవరమూ కూర్చోలేదు.

కిందికి వెళ్తే రిసెప్షన్‌లో ఉన్నతను "మీ సామాన్లతోనే వచ్చి ఉంటాయి" అన్నాడు. కావాలంటే పక్క గది ఇస్తాను గానీ డబ్బు వెనక్కి రాదన్నాడు. నాకు వాదించే ఓపిక ఉంది. కానీ అతనికి ముక్కలు ముక్కలు ఇంగ్లీషు తప్ప రాదు, నాకు అతని ఫ్రెంచి రాదు.

అక్కడ తెల్లవారుజాము మూడున్నరంటే ఇండియాలో ఏడు. మా చెల్లెలికి ఫోటోలు పంపాను. అది ఎవరికో పంపింది, వాళ్ళు ఇంకో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇరవై నిమిషాల్లో పారిస్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. నిద్ర గొంతే, కానీ తెలుగు.

"అక్కా, ముందు సూట్‌కేసులు తీసుకెళ్ళి బాత్‌టబ్‌లో పెట్టండి. నున్నగా ఉంటుంది కాబట్టి అవి ఎక్కలేవు. పక్క గదికి మాత్రం మారకండి, గోడ సందుల్లోంచి వచ్చేస్తాయి. పొద్దున్నే మొదటి ట్రైన్ ఎక్కి మా ఇంటికి వచ్చేయండి."

"మా బట్టల నిండా నల్లులు ఉన్నాయేమో బాబూ" అన్నాను.

"తెలుసక్కా. రండి."

ఈ రెండు మాటలకే ఈ పోస్టు. ఫోన్ చేసిన తమ్ముడు, అతనితో ఉండే అమ్మాయి, ఇద్దరిదీ ఒకటే గది, దానికో మూల వంటిల్లు. ఇద్దరూ స్కాలర్‌షిప్ మీద పరిశోధన చేస్తున్నారు. ఆ ఇంట్లో ఒక్క ఆడ నల్లి దూరినా చాలు, గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. మందు కొట్టించాలంటే కనీసం రెండుసార్లు, మధ్యలో రెండు వారాలు ఆగి. ఇంటి ఓనర్‌కి తెలిస్తే అదో గొడవ. ఇవన్నీ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అయినా రమ్మన్నారు. వాళ్ళ స్థానంలో నేనుంటే రమ్మనేదాన్నా? మంచి హోటల్ పేరేదో చెప్పి ఫోన్ పెట్టేసేదాన్నేమో.

ఐదింటికి హోటల్ శుభ్రం చేసే ఆవిడ వచ్చారు. మా వాలకం చూసి, అడగకుండానే పెద్ద నల్ల కవర్లు ఒక కట్ట తెచ్చారు. సామాన్లన్నీ వాటిలో వేయించి, ముడులు తనే గట్టిగా బిగించి, చెప్పొద్దన్నట్టు పెదాల మీద వేలు పెట్టారు. అమ్మా, మీ పేరు కూడా నాకు తెలియదు. తెలిసినా ఇక్కడ రాసేదాన్ని కాదు.

కవర్లతో ఆర్‌ఈఆర్ బి లైన్ అనే శివారు రైలెక్కి, ఊరు దాటి దక్షిణం వైపు వెళ్ళాం. గుమ్మం దగ్గరే ఆ అమ్మాయి మా ఐదుగురికీ ఉతికిన బట్టలు పట్టుకుని నిలబడి ఉంది. అత్తయ్యకి తన నైటీ, మావారికి తమ్ముడి ట్రాక్ ప్యాంటు. అది మోకాలి కింద దాకే వచ్చింది, ఫోటో ఉంది కానీ పెట్టనివ్వడం లేదు. విప్పిన బట్టలు విప్పినట్టే కవర్లోకి, అక్కణ్నుంచి వీధి చివర లాండ్రీకి. అరవై డిగ్రీల నీళ్ళలో ఉతికి, తర్వాత బాగా వేడిగా డ్రయ్యర్‌లో వేయాలి. మూడు మెషీన్లు, ఒక పూట.

ఉతకడానికి వీల్లేనివి ఫ్రీజర్‌లో పెట్టాలట, మైనస్ పద్దెనిమిదిలో మూడు రోజులు. వాళ్ళు తమ ఫ్రీజర్ అర ఖాళీ చేసి మా పాప ఏనుగుబొమ్మని, అత్తయ్య చేతిసంచిని అందులో పెట్టారు. "ఏనుగుకి చలెయ్యదా?" అని మా పాప గంటకోసారి తలుపు తీయబోయేది. ఆ అమ్మాయి విసుక్కోకుండా ప్రతిసారీ "అది నిద్రపోతోంది" అనేది.

అత్తయ్య సిగ్గుతో చితికిపోయారు, మనం శుభ్రంగా లేమనుకుంటారని. 2017 నుంచి 2022 మధ్య ఫ్రాన్స్‌లో నూటికి 11 ఇళ్ళకి నల్లులు పట్టాయని అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ ఆన్సెస్ 2023లో చెప్పిందట. ఆ లెక్క చెప్పి, "శుభ్రానికీ వీటికీ సంబంధం లేదమ్మా, సంచుల్లో తిరుగుతాయంతే" అని ఆ అమ్మాయే ఆవిడ చేత అన్నం తినిపించింది. ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న ఫార్మసీకి పాపని తీసుకెళ్ళింది కూడా తనే. అక్కడివాళ్ళు దురదకి సిరప్ ఇచ్చి, ఇవి జబ్బులు అంటించవని చెప్పాక నా టెన్షన్ సగం తగ్గింది. ఆ మూడు రాత్రులూ మంచం మాకిచ్చి వాళ్ళు వంటింటి మూల నేల మీద పడుకున్నారు.

హోటల్‌కి కట్టిన డబ్బు ఏమయిందని తెలిసినవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి అదీ చెప్తాను. ఆ వాట్సాప్ గ్రూపులోని ఒకాయన అదే రోజు మా తరఫున హోటల్‌కి ఫ్రెంచిలో మెయిల్ రాసిపెట్టారు. అక్కడి ప్రభుత్వ ఫిర్యాదుల సైటు సిగ్నల్‌కోన్సోలో కూడా నమోదు చేయించారు. ఆ మెయిలు, పరుపు ఫోటోలు, లాండ్రీ రసీదులు జత చేసి డబ్బు వెనక్కి ఇప్పించమని క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాం. మేము ఉండని రెండు రాత్రుల డబ్బు వెనక్కి వచ్చింది. ఫోటోలు తీయకుండా కోపంగా బయటికి వచ్చేసి ఉంటే అదీ రాకపోను. అన్నయ్యగారూ, మీకు ప్రత్యేకంగా నమస్కారం.

తమ్ముడూ, అమ్మాయ్, ఓనర్ భయానికి మీ పేర్లు రాయొద్దన్నారు, రాయలేదు. మావాడి నీలం సాక్సు ఒకటి మీ ఇంట్లోనే ఉండిపోయింది. అరవై డిగ్రీల్లో ఉతికిందే, భయపడకండి.